తొమ్మిది తోకల వోల్లే ఎవరింటిది?

సొల్గోల్ గ్రామం, జొంగ్సొన్ జిల్లా
జూలై ఆఖరు, 1977

సియోల్ నగరంలో బొమ్మల కథలు గీసే యోన్ నాన్‌హీ గారికి,

వానలు వెనకబట్టి ఎండలు ముదిరాయి. ఇలాంటి రోజుల్లో మీ ఆరోగ్యం ఎలా ఉందో అని అడుగుతూ ఒక పల్లెటూరి పాఠకురాలు రాసుకునే ఉత్తరం. నా పేరు ప్యో బున్నే. మొక్కజొన్న, బంగాళాదుంపలు పండించుకుని బతుకుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ ఉత్తరం వెనక ఇంకే ఉద్దేశమూ లేదు.

మీ 'తొమ్మిది తోకల వోల్లే' ఏడు భాగాలూ చదివాను. సంతకి వెళ్ళినప్పుడల్లా, బొమ్మల పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లో చిన్నపిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని చదివాను. అట్ట మీద మీ పేరు చూశాను. ఆడపేరు. పగలు గంప నెత్తిన పెట్టుకుని ఉప్పుచేపలమ్మే మధ్యవయసు మనిషి, చీకటి పడగానే తొమ్మిది తోకలు విప్పి ఇళ్ళ కప్పుల మీద గెంతుతూ దొంగల్ని పట్టడం బాగుంది. ఒక తోకతో మంటలు ఆర్పడం, ఇంకో తోకతో కూలిపోయే వంతెనని ఎత్తి పట్టుకోవడం, నోట్లో దాచుకున్న నక్కపూసతో ఎదుటివాడి మనసులో మాట వినేయడం అన్నీ బాగున్నాయి. మా అమ్మమ్మ చెప్పిన నక్కలన్నీ పడుచుపిల్లల రూపంలో వచ్చి మగాళ్ళ కార్జం తినేసి పోయేవి. మీరు నక్కని మంచిదాన్ని చేశారు. నక్కల మీద మీకంత ప్రేమ ఎందుకో తెలుసుకోవాలనుంది. మూడో భాగంలో వోల్లే మాంసం కొట్టు ముందు నిలబడి కార్జం వంక చూస్తూ గుటక వేస్తుంది. ఆ గుటక అంత సరిగ్గా ఎలా కుదిరిందో కూడా చెప్పగలరు.

మా ఎదురింటామె సంగతి ఒకటి మీతో చెప్పాలనిపించింది. ఆ ఎదురింటామె నేను కాదు. ఆమె మొగుడు బొగ్గు గనిలో పోయాడు. ఒక్కడే కొడుకు, ముప్ఫై దాటినా పెళ్ళి లేదు. బొమ్మలు నేర్చుకుంటానని సియోల్ వెళ్ళి, ఎవరో టీచరింట్లోనే ఉంటూ పని చేస్తున్నాడు. తిండీ అక్కడే, పడకా అక్కడే. ఉత్తరం రాస్తే "నేను లేకపోతే టీచరుకి గడవదమ్మా" అంటాడు. రెండేళ్ళుగా చూసక్ పంటల పండక్కి కూడా ఇంటికి రాలేదు. తండ్రి సమాధి మీద కొడుకు కోయాల్సిన గడ్డి ఆమే కోసుకుంది. మొన్న ఫోటో పంపాడు. బుగ్గలు లోపలికి పోయి చీపురుపుల్లలా ఉన్నాడు. ఒంట్లో సారమంతా ఎవరో పీల్చేసినట్టుంది. మీ వృత్తిలో ఇలాంటివి మామూలేనా?

జవాబు మా ఇంటికి రాయకండి. మా ఇంట్లో ఎలకలు కాగితాలు కొరికేస్తాయి. కింద రాసిన మా తమ్ముడి పిండిమర చిరునామాకి పంపండి.

ఇట్లు,
వట్టి పాఠకురాలు,
ప్యో బున్నే

తా.క. మీకు కుక్కలంటే ఎలా ఉంటుంది? ఊరికే అడిగాను.


చాంగ్సిన్ కొండవాడ, సియోల్
ఆగస్టు మొదట్లో

గౌరవనీయ పాఠకురాలు ప్యో బున్నే గారి సముఖానికి,

ఎండలు ఇక్కడా ముదిరాయి. తమరు క్షేమమని తలుస్తాను.

తమ ఉత్తరం మూడుసార్లు చదివాను. 'పల్లెటూరి పాఠకుల' ఉత్తరాలు ఈ మధ్య మా తోటి చిత్రకారులకి చాలా వస్తున్నాయి. మా స్నేహితుడొకరికి పోయిన నెలలో 'చేపలు పట్టుకునేవాడు' ఒకడు రాశాడు. ఆయన పాపం అమాయకంగా జవాబు రాశాడు. వారం తిరక్కుండా బొమ్మల కథల తనిఖీ సంఘం నుంచి మనిషి దిగి, పుస్తకంలో సగం పేజీలు ఎర్రసిరాతో కొట్టేసి పోయాడు. అందుచేత తమరు నిజంగా మొక్కజొన్నే పండిస్తారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

వోల్లే గుటక వేయడం తప్పే. ఎనిమిదో భాగం నుంచి కార్జం జోలికి పోదు. సర్కారు మాట ప్రకారం దేశమంతా తింటున్నట్టే బార్లీ కలిపిన అన్నం తింటుంది, పిల్లల చేత తినిపిస్తుంది. ఎలకల నిర్మూలన వారంలో పాల్గొని ఒక్కో తోకతో ఒక్కో ఎలకని పట్టి వీధి పెద్దకి అప్పగిస్తుంది. నక్కల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. ఉన్నదంతా దేశం మీదే. వోల్లే పూర్తిగా నా ఊహలోంచి పుట్టిన పాత్ర. ప్రాణమున్న ఏ మనిషితోనూ, ఏ నక్కతోనూ దానికి సంబంధం లేదు. ఈ వాక్యాన్ని తమ దస్త్రంలో ఉంచుకోవచ్చు.

ఎదురింటామె కథ తెలివిగా అల్లారు. దాని గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు.

భవదీయ,
యోన్ నాన్‌హీ

తా.క. కుక్కలు నాకు పడవు. గుమ్మం అవతల ఉన్నా ఒళ్ళు జలదరిస్తుంది. ఇదీ తప్పేనంటే మార్చుకుంటాను. తమ పైవారికి నా నమస్కారాలు.


సొల్గోల్
ఆగస్టు

యోన్ నాన్‌హీ గారికి,

ఎండలు అలాగే ఉన్నాయి. మీరు క్షేమంగానే ఉంటారని నాకు అనుమానం లేదు. మీలాంటివాళ్ళకి ఏమవుతుంది?

మీ ఉత్తరం మా తమ్ముడికి కూడా చదివి వినిపించాను. పిండిమర ఆపేసి విన్నాడు. "అక్కా, కుక్కలు పడవని వాళ్ళంతట వాళ్ళే రాశారు చూడు" అన్నాడు. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి మాకిద్దరికీ. పైగా ఎనిమిదో భాగం నుంచి కార్జం జోలికి పోదు అన్నారు. అంటే ఏడో భాగం దాకా పోయినట్టే కదా. నేను చదువుకోని దాన్ని కావచ్చు, కానీ ఈ మాత్రం లెక్క నాకు తెలుసు. నక్క బార్లీ అన్నం తింటుందని ఎవరి చెవుల్లో పువ్వులు పెడతారు? మా ఊళ్ళో మనుషులమే మొహం చిట్లించుకుని తింటున్నాం.

నేను వోల్లే గురించి అడగడం లేదు. మీ గురించి అడుగుతున్నాను. మీరు నిద్రపోయేది పగలా, రాత్రా? మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? మా ఎదురింటామె కొడుకు గుర్తులు చెప్తాను. ఎడమ కనుబొమ్మ మీద కొడవలి తగిలిన మచ్చ. నిద్రలో ఒక కాలు దుప్పటి బయటే ఉంటుంది, ఎంత చలికాలమైనా సరే. ముల్లంగి పచ్చడి ఉంటే ఇంకేమీ అడగడు. కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి కానీ నోరు మాత్రం విప్పడు. అలాంటి మనిషి మీ కంటబడ్డాడా?

జవాబు సూటిగా రాయండి. దేశభక్తి తర్వాత చూద్దాం.

ఇట్లు,
ప్యో బున్నే

తా.క. నా పైవారికి నమస్కారాలన్నారు. నా పైన ఉండేది మా అత్తగారొక్కరే. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడతో మీకు పరిచయం ఎలా కలిగింది?


చాంగ్సిన్ కొండవాడ, సియోల్
ఆగస్టు

గౌరవనీయ ప్యో బున్నే గారికి,

తమ ఉత్తరం అందగానే తలుపు గడియ వేసుకుని చదివాను.

తనిఖీలు నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. కథలో ముద్దు పెట్టుకున్నారని కొట్టేశారు, ముద్దు పెట్టుకోబోయి మానుకున్నారని కూడా కొట్టేశారు. అన్నీ భరించాను. కానీ ఒక మనిషి నిద్రలో ఏ కాలు దుప్పటి బయట పెడతాడో కూడా రాసిపెట్టుకునే తనిఖీ నేనెప్పుడూ వినలేదు. కిటికీకి ఈ రోజు నుంచి దళసరి కాగితం అంటిస్తున్నాను.

తమ ప్రశ్నలకి సూటిగా జవాబులు. నేను పగలు నిద్రపోయి రాత్రి పని చేస్తాను. మా వీధిలో పగలు పిల్లల గోలకి పని సాగదు. నా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. కనుబొమ్మ మీద మచ్చ ఉన్న మనిషి లేడు. ఇంతకుముందు లేడు, ఇకపైనా ఉండడు. ముల్లంగి పచ్చడి కూడా లేదు. వచ్చి వెతుక్కున్నా ఒక్క వెంట్రుక దొరకదు.

భవదీయ,
యోన్ నాన్‌హీ

తా.క. తమ అత్తగారికి నా సానుభూతి. పోయినవారితో నాకు ఎలాంటి పరిచయాలూ లేవు. ఇది కూడా దస్త్రంలో రాసుకోగలరు.


సొల్గోల్
ఆగస్టు ఆఖరు

నాన్‌హీ అనే ఆడమనిషికి,

ఎండలు తగ్గాయి. నీ ఆరోగ్యం ఎలా ఉన్నా నాకు అనవసరం.

లేడా? లేడంటే ఏమిటి? పోయిన నెలలోనే ఉత్తరం రాశాడే, నీ చిరునామాతోనే! ఒక్క వెంట్రుక కూడా దొరకదా? ఇంతకుముందు లేడు, ఇకపైనా ఉండడు అని చేత్తో ఎలా రాయగలిగావు? నీ ఉత్తరం చదివి నేను పొయ్యి దగ్గరే కూలబడిపోయాను. మా తమ్ముడు నీళ్ళు చల్లి లేపాడు. మా ఎదురింటామె ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆమె నేను కాదు, కానీ ఆమె ఏడుపు నాకు బాగా తెలుసు.

ఆఖరిసారిగా ఒక అవకాశం ఇస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు మూట ఒకటి పంపుతున్నాను. అందులో ఎర్ర అలసందలు దట్టంగా చల్లి ఆవిరి మీద ఉడికించిన దిబ్బరొట్టె ఉంది, తూర్పు వైపు పెరిగిన పీచు చెట్టు కొమ్మ ఉంది. రొట్టె మొత్తం నువ్వే తినాలి. తిని రుచి ఎలా ఉందో రాయి. కొమ్మ పెట్టి వీపు మీద ఒకసారి గట్టిగా కొట్టుకుని ఎలా ఉందో అదీ రాయి. మనిషివైతే ఏమీ కాదు. మనిషి పుట్టుక పుట్టినదానికి ఎర్ర గింజలంటే భయం ఉండదు.

ఇట్లు,
ప్యో బున్నే

తా.క. రొట్టెలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఏడుస్తూ చేశాను.


చాంగ్సిన్ కొండవాడ, సియోల్
సెప్టెంబరు

గౌరవనీయులైన తమకు,

మూట అందింది. తమ పన్నాగమూ అర్థమైంది.

ముందు ప్రశ్నలు, తర్వాత బెదిరింపు, ఆ తర్వాత కానుక. నేను ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు, 'తనిఖీ వారి నుంచి తినుబండారం స్వీకరించెను' అని రాసుకుంటారు. నేను అంత తెలివితక్కువ వాణ్ణి... అంత తెలివితక్కువగా బతకలేదు. రొట్టెని వేలితో కూడా ముట్టుకోలేదు. పక్కింటావిడని పిలిచి, పొయ్యి పట్టకారుతో పట్టించి, యథాతథంగా మూట కట్టించి తిప్పి పంపుతున్నాను. కొమ్మని చూడగానే అది దెబ్బలకి సంబంధించినదని తెలిసిపోయింది. అది కూడా మూటలోనే ఉంది. సరిచూసుకోగలరు.

ఇకమీదట నాకు కానుకలు పంపవద్దు. నా ఇంటి గడప దాటి ఎర్ర గింజ ఒక్కటి లోపలికి రావడానికి వీల్లేదు.

భవదీయ,
యోన్ నాన్‌హీ

తా.క. నిజం చెప్పాలంటే వాసన బాగుంది. కానీ ఎర్ర అలసందలు నాకు చిన్నప్పటి నుంచీ సరిపడవు. తింటే కడుపులో ఏదో కేకలు పెట్టినట్టుంటుంది.


సొల్గోల్
సెప్టెంబరు

నక్కా,

నీకు పలకరింపులు ఎందుకు?

అడ్డంగా దొరికిపోయావు. రొట్టె ముట్టలేకపోయావు. కొమ్మ చూసి వణికిపోయావు. కడుపులో ఏదో కేకలు పెడుతుందని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. ఆ కేకలు పెట్టేది ఎవరో నాకు తెలుసు.

ఇక దాపరికం లేదు. ఎదురింటామె లేదు, ఎవరూ లేరు. మా ఎదురింట్లో పొగాకు ఆరబెట్టే పాక ఉంది. ఆ తల్లిని నేనే. నీ ఇంట్లో ఉన్నవాడు నా కొడుకు తాక్ జేవాన్. వాడి నాన్న గనిలోంచి తిరిగి రాలేదు. వాణ్ణి మాత్రం నేను ఎవరి నోట్లోనూ పెట్టను. నువ్వు పండితురాలివి కావచ్చు, తొమ్మిది తోకలదానివి కావచ్చు, నాకు ఉన్నది వాడొక్కడే. వాడి కాలి గోరు మిగిలి ఉన్నా తీసుకుని వస్తాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను రైల్లో ఉంటాను. నాతో మా తమ్ముడు వస్తున్నాడు, వాడి చేతిలో పీచు కొమ్మ ఉంటుంది. నా చేతిలో మా నల్లకుక్క ఉంటుంది. తోకలు ఎన్ని ఉన్నాయో అక్కడే తేలుస్తాను.

జేవాన్ తల్లి,
ప్యో బున్నే

తా.క. పారిపోవద్దు. రైలు ఛార్జీలు వృథా అయితే మా తమ్ముడికి ఎక్కడలేని కోపం వస్తుంది.


చాంగ్సిన్ కొండవాడ, సియోల్
చూసక్ పండగ ముందు వారం

మాతృసమానురాలు, జేవాన్ వాళ్ళమ్మగారికి,

గాలి చల్లబడింది. తమరు, తమ్ముడుగారు, నల్లకుక్క, జేవాన్ అందరూ సుఖంగా ఇల్లు చేరారని తలుస్తాను.

నిన్న జరిగినదానికి ముందుగా నా క్షమాపణలు. తమరు తలుపు బాదినప్పుడు నేను నిద్రలో ఉన్నాను. లోపలి బట్టలతో, మీసానికి సిరాతో అలాగే వచ్చి తలుపు తీసినందుకు సిగ్గుపడుతున్నాను. తీసిన వెంటనే తమ మొహం చూసి మళ్ళీ మూసేశాను. అది కుక్క వల్లే, ఇంకేమీ కాదు. "ఆ ఆడది ఎక్కడ? నాన్‌హీ ఎక్కడ? ముసలాయనా, నిన్ను కూడా మింగేసిందా?" అని తమరు వీధి దద్దరిల్లేలా అరిచినప్పుడు, "నాన్‌హీని నేనేనండీ" అని లోపలి నుంచి చెప్పడం నా జీవితంలో అతి కష్టమైన పని. నా అసలు పేరు కూక్ డొక్పాల్. వయసు అరవై కావస్తోంది. మొదట్లో ఆడపిల్లలు చదివే ప్రేమ కథలు గీసేవాణ్ణి. మగవాడి పేరు పెడితే ఎవరూ కొనరని ప్రచురణకర్త ఈ పేరు తగిలించాడు. అది అలాగే అతుక్కుపోయింది.

తమరిని తనిఖీ మనిషి అనుకున్నందుకు రెండో క్షమాపణ. శిష్యుణ్ణి ఇంట్లో ఉంచుకుంటే వీధి పెద్ద దగ్గర పేరు రాయించాలి. నేను బద్ధకించాను. అందుకే లేడన్నాను. తమ ఉత్తరాలు జేవాన్‌కి చూపిస్తే భయపడతాడని చాప కింద దాచాను. తమది పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇంటిపేరు ప్యో, వాడిది తండ్రి ఇంటిపేరు తాక్. తల్లి ఇంటిపేరు అడగాలని నాకెప్పుడూ తోచనేలేదు. వాడు పైగదిలోంచి సిరాబుడ్డితో దిగి వచ్చి "అమ్మా, కుక్కని ఎందుకు తెచ్చావు?" అని అడిగినప్పుడు తమరు వాణ్ణి తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకోవడం, ఆ తర్వాత అదే చేత్తో చెంప మీద ఒకటి ఇవ్వడం చూసి నాకూ కళ్ళు చెమర్చాయి. తమ్ముడుగారు పీచు కొమ్మని గోడకి ఆనించి నాతో మందు పుచ్చుకున్నారు. కుక్క బయట మెట్ల మీద పడుకుంది. తమ లంగా మీద బార్లీ టీ ఒలికించినందుకు మూడో క్షమాపణ. కుక్క భయంతో చేయి వణికింది. వీధి పిల్లలు తమ వెంటపడి కేకలు వేసినందుకు నాలుగోది. కొండవాడ పిల్లలు కొత్తవాళ్ళని చూస్తే అలాగే చేస్తారు.

అన్ని అనుమానాలూ తీరిపోయి, తమరు నవ్వుతూ రైలెక్కడం నాకు పెద్ద ఊరట. పండగ కాగానే జేవాన్‌ని వెంటనే పంపగలరు. ఎనిమిదో భాగం సగంలో ఉంది. వోల్లే నా ఊహలో పుట్టిన బిడ్డే అయినా, గీతలు గీయడానికి, నలుపు నింపడానికి ఒక చేయి తోడుండాలి కదా.

భవదీయుడు,
కూక్ డొక్పాల్

తా.క. మందు మత్తులో తమ్ముడుగారు నా వీపు తడిమి చూశారు. తోకలు లేవని తమకి చెప్పి ఉంటారు.


సొల్గోల్
చూసక్ మర్నాడు

కూక్ డొక్పాల్ గారికి,

పండగ వెన్నెల బాగా కాసింది. మీ ఆరోగ్యం ఎలా ఉంది? ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

మీ ఇంట్లో నేను నవ్విన మాట నిజమే. కొడుకు బతికి ఉన్నాడు, ఎదురుగా సిరా మీసంతో ముసలాయన సిగ్గుతో చచ్చిపోతున్నాడు, నవ్వకుండా ఎలా ఉంటాను? అనుమానాలన్నీ తీరిపోయాయనే అనుకున్నాను. రైలెక్కాను. అక్కడ నా ఎదురుగా ఒక చిన్నపిల్ల కూర్చుంది. చేతిలో మీ పుస్తకం, ఏడో భాగం. ఆ పిల్ల నా మొహం చూస్తుంది, పుస్తకం చూస్తుంది, మళ్ళీ నా మొహం చూస్తుంది. చూసి చూసి "అమ్మా, వోల్లే మన రైల్లో ఉంది" అని వాళ్ళమ్మ వెనక నక్కింది. మీ వీధి పిల్లలు కూడా నన్ను చూసి అదే పేరు పెట్టి కేకలేశారు. నక్క వస్తోంది జాగ్రత్త అని నాకు చెప్తున్నారనుకున్నాను.

పుస్తకం అడిగి తీసుకున్నాను. ఏడు భాగాలు చదివినదాన్ని నేను, తోకలు చూశాను, కార్జం చూశాను, అట్ట మీద పేరు చూశాను, ఆ మొహం ఒక్కటే చూడలేదు. మా ఇంట్లో అద్దం పగిలి ఎన్నో ఏళ్ళయింది, మళ్ళీ కొనలేదు. తలకి తువ్వాలు అలా ముడేసుకునేది నేను. ఎడమ చేయి నడుం మీద పెట్టుకుని గడ్డం ముందుకు పెట్టి దెబ్బలాడేది నేను. చెవి కింద పుట్టుమచ్చ నాది. డొక్పాల్ గారూ, ఆ వంతెన నేను ఎత్తలేదు కానీ, వంతెన కొట్టుకుపోయిన ఏడాది జేవాన్‌ని వీపున కట్టుకుని ఏరు దాటి బడికి తీసుకెళ్ళింది నేనే. అది మీ ఊహలోకి ఎలా వస్తుంది? మీరు నన్ను మొన్నటిదాకా చూడనే లేదే!

జేవాన్ వంక చూశాను. వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. వాడి కుడిచేయి లాగి చూశాను, వేళ్ళు సిరాతో, కాయలతో నిండి ఉన్నాయి. నలుపు నింపేవాడికి అలాంటి కాయలు కాయవు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. మీ చేతికి వణుకు వచ్చి మూడేళ్ళయిందట. మీరు కథ చెప్తారట. మొదటి గీత నుంచి ఆఖరి గీత దాకా గీసేది వాడేనట. పండక్కి రావాలన్నా వాడు లేకపోతే పుస్తకం ఆగిపోతుందట. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మీరు బతిమాలితే వాడు మాట ఇచ్చాడట. టీ ఒలికినప్పుడు కుక్క మెట్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతోంది, నాకు గుర్తుంది. తలుపు తీసి మళ్ళీ ఎందుకు మూశారో కూడా ఇప్పుడు తెలిసింది. మీరు భయపడింది కుక్కకి కాదు, నా మొహానికి.

కాబట్టి నా అనుమానం తప్పు కాదు. ఆడమనిషి అనుకోవడం ఒక్కటే తప్పు. మీరు అచ్చంగా నక్కే. మనిషి సారం పీల్చి మీ పేరు మీద అట్టలు వేయించుకుంటున్న నక్క. మంచి కథలు చెప్పే నక్క, నా కొడుక్కి అన్నం పెట్టిన నక్క, అది నేను కాదనను. చేయి వణకడం ఎవరి తప్పూ కాదు. దాన్ని దాచడానికి నా కొడుకుని దాచేశారు చూడండి, అది నాకు కడుపు మండించింది.

వాడు మీ మీద ఒక్క మాట పడనివ్వడం లేదు. "టీచరు కథ చెప్తుంటేనే నాకు చేయి కదులుతుందమ్మా" అంటాడు. సరే, మళ్ళీ మీ దగ్గరికే పంపుతాను. కానీ ఇప్పుడు కాదు. వాడు ఇక్కడ బంగాళాదుంపలు తవ్వుతున్నాడు, పూట పూటకీ బుగ్గలు వస్తున్నాయి. ఎనిమిదో భాగం అట్ట అచ్చు వేయించి పంపండి. కథ చెప్పినవాడిగా మీ పేరు, బొమ్మ గీసినవాడిగా వాడి పేరు, రెండూ ఒకే లావు అక్షరాల్లో ఉండాలి. అది నా చేతికి వచ్చిన రోజు వాణ్ణి రైలెక్కిస్తాను. రాకపోతే ఈసారి కుక్కని మీ దగ్గరే వదిలేసి వస్తాను.

మీ చేతికి వేడి కట్టు వేసుకునే ఆకు మందు పంపుతున్నాను. దీన్ని మాత్రం పట్టకారుతో తిప్పి పంపకండి.

ఒక మాట ఎవరికీ చెప్పనిది మీకు చెప్తున్నాను. ఆ పిల్ల పుస్తకం తిరిగి ఇచ్చేముందు ఆ మొహాన్ని చాలాసేపు చూశాను. రైల్లో అందరి ముందూ ఏడ్చాను. రోజంతా మట్టిలో ఉండేదాన్ని, గట్టిగా అరిచేదాన్ని, నేను వాడికి భారమనుకుని రావడం మానేశాడనుకున్నాను. వాడు అక్కడ కూర్చుని రోజూ నా మొహమే గీసుకుంటున్నాడు.

ఇట్లు,
ప్యో బున్నే

తా.క. వాడి పేరు ఉన్నదున్నట్టు 'తాక్ జేవాన్' అనే వేయించండి. మీ ప్రచురణకర్త మళ్ళీ ఏ ఆడపేరో తగిలిస్తే, వాడి పుస్తకం వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ వాణ్ణి ఆడనక్క అనుకుని ఒక తల్లి కుక్కని పట్టుకుని బయల్దేరుతుంది. వాడికింకా పెళ్ళి కావాలి.